మంక్‌టన్ కూమ్ రైల్వే స్టేషన్: ఏడేళ్ళ ప్రయాణికుల చరిత్ర, వెండితెర స్మృతి

వ్యాససంగ్రహం

ఇంగ్లండులోని సోమర్సెట్ కౌంటీలో, బాత్ నగరానికి దక్షిణంగా ఉన్న మంక్‌టన్ కూమ్ గ్రామపు రైల్వే స్టేషన్ 1910లో ప్రారంభమై 1958లో నేలమట్టమైంది. 1953లో విడుదలైన ‘ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్’ చలనచిత్రం వల్ల ఈ స్టేషన్ ఆంగ్ల గ్రామీణ రైల్వే జీవితానికి ప్రతీకగా స్థిరపడింది. ఈ ప్రతీకకూ, ఆ స్టేషన్ వాస్తవ చరిత్రకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బొగ్గు కాలువ నుండి రైలుమార్గం, రైలుమార్గం నుండి చలనచిత్రం ఏర్పడిన క్రమంలో ఏది నిలిచింది, ఏది మరుగునపడింది అన్నది ప్రధాన చర్చనీయాంశం.

కీలకపదాలు: శాఖా రైలుమార్గం, బొగ్గు కాలువ, స్థలచరిత్ర, సామూహిక స్మృతి, ఈలింగ్ స్టూడియో, గ్రేట్ వెస్టర్న్ రైల్వే.

ఉపోద్ఘాతం

ఆంగ్ల గ్రామీణ రైల్వే స్టేషన్ అనగానే సాహిత్యం, చలనచిత్రాలు, పర్యాటక ప్రచారం కలిసి ఒక చిత్రాన్ని కళ్ళముందు నిలుపుతాయి. పచ్చిక బయళ్ళ మధ్య ఒంటి ప్లాట్‌ఫాం, పూలమొక్కలు, ఒక చిన్న ఇంజను, రెండు పెట్టెలు, ఊరందరినీ పేరుపెట్టి పలకరించే స్టేషన్ మాస్టరు. తరతరాలుగా అక్కడే ఉన్నట్టు, ఎవరో అన్యాయంగా తీసుకుపోయినట్టు ఆ దృశ్యం తోస్తుంది. మంక్‌టన్ కూమ్ స్టేషన్‌ను ఈ చిత్రానికి నమూనాగా చూపేవారు నేటికీ ఎందరో ఉన్నారు. అయితే ఆ స్టేషన్‌లో ప్రయాణికుల బళ్ళు నడిచిన కాలాన్ని లెక్కకట్టి చూస్తే అది మొత్తం ఏడేళ్ళకు కాస్త పైచిలుకు మాత్రమే. 1910 మే 9న మొదలైన సేవ 1915 మార్చి 22న యుద్ధకాలపు పొదుపు చర్యగా నిలిచిపోయింది. 1923 జూలై 9న మళ్ళీ మొదలై, 1925 సెప్టెంబరు 21న శాశ్వతంగా ముగిసింది. రెండు విడతలనూ కలిపినా ఒక పిల్లవాడు బడిలో చేరి ప్రాథమిక విద్య ముగించేంత కాలం దాటదు.

ఇంత స్వల్పకాలం ప్రజలకు ఉపయోగపడిన స్టేషన్ అనాదిగా ఉన్న గ్రామజీవనానికి గుర్తుగా ఎలా మారింది? దీనికి సమాధానం స్టేషన్‌లో దొరకదు. దాని కింది నేలలో కొంత, దానిపై వాలిన కెమెరాలో కొంత దొరుకుతుంది.

కాలువ గర్భంలో రైలుమార్గం

మంక్‌టన్ కూమ్ ఒక సన్నని లోయలో ఉంది. మిడ్‌ఫర్డ్ వాగు ఆ లోయ గుండా పారి ఏవన్ నదిలో కలుస్తుంది. లోయకు ఎగువన పాల్టన్, టిమ్స్‌బరీ, కేమర్టన్, డంకర్టన్ గ్రామాలు ఉన్నాయి. ఈ ఊళ్ళన్నీ సోమర్సెట్ బొగ్గు క్షేత్రానికి చెందినవి. ఇంగ్లండు ఉత్తర ప్రాంతాల బొగ్గు గనులతో పోలిస్తే ఇవి చిన్నవి. పొరలు పలుచన, తవ్వకం కష్టం. అయినా బాత్ నగరపు పొయ్యిలకూ, దక్షిణాది పట్టణాలకూ ఈ బొగ్గే ఆధారం. దానిని బండ్లమీద, బురద దారుల్లో తరలించడం గని యజమానులకు పెద్ద భారమైంది.

అందుకే 1794లో పార్లమెంటు చట్టం ద్వారా సోమర్సెట్ బొగ్గు కాలువ నిర్మాణానికి అనుమతి వచ్చింది. తొలి సర్వేను జాన్ రెన్నీ చేశాడు. ఆయనకు తోడుగా లెవెళ్ళు తీసిన యువకుడు, తరువాత కాలువ సర్వేయరుగా నియమితుడైనవాడు విలియం స్మిత్. కాలువకోసం లోయ పొడవునా కొండవాలును కోస్తున్నప్పుడు బయటపడిన శిలాస్తరాలను అతడు జాగ్రత్తగా గమనించాడు. అన్ని చోట్లా స్తరాలు ఒకే క్రమంలో ఉండటం, అవి తూర్పువైపుకు వాలి ఉండటం, ప్రతి స్తరానికీ దానికే ప్రత్యేకమైన శిలాజాలు ఉండటం అతని దృష్టికి వచ్చాయి. 1799లో కాలువ కంపెనీ అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించింది. ఆ ఏడే బాత్‌లో మిత్రుల సమక్షంలో అతడు స్తరాల క్రమపట్టికను చెప్పి రాయించాడు. 1815లో వెలువడిన అతని ఇంగ్లండు, వేల్స్ భూవిజ్ఞాన పటానికి మూలం ఈ లోయలోని తవ్వకమే. పటం వచ్చిన నాలుగేళ్ళకు అతడు అప్పులపాలై లండన్‌లో జైలుకు వెళ్ళాడు. మంక్‌టన్ కూమ్‌కు ఎగువన టకింగ్ మిల్ అనేచోట స్మిత్ నివసించాడు. ఆ విషయాన్ని తెలిపే స్మారక ఫలకం చాలాకాలంగా అతని ఇంటిమీద కాక, పొరుగింటి గోడమీద ఉంది. స్థలచరిత్రలో రాతిపై చెక్కిన మాటను కూడా సరిచూసుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

లాకుల పని గోదావరి, కృష్ణా డెల్టా కాలువలు చూసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. రెండు తలుపుల మధ్య నీటిని నింపి, దించి పడవను మట్టం మార్చే ఏర్పాటది. అయితే కూమ్ హే దగ్గర కాలువ ఒక్కసారిగా చాలా ఎత్తు దిగాలి. లాకులకు చాలినంత నీరు దొరకడం కష్టం. అందుచేత మొదట రాబర్ట్ వెల్డన్ రూపొందించిన ఒక వింత యంత్రాన్ని ప్రయత్నించారు. నీటితో నిండిన లోతైన రాతి గదిలో, అన్నివైపులా మూసిన పెద్ద కొయ్యపెట్టెలోకి పడవను ఎక్కించి, పెట్టెను నీటిలో మునిగి ఉండగానే పైకీ కిందికీ కదిలించే పద్ధతి అది. 1790ల చివర జరిగిన పరీక్షలలో కొంత విజయం కనిపించినా రాతిగోడలు ఉబ్బి పెట్టె ఇరుక్కుపోవడంతో దానిని విడిచిపెట్టారు. కొంతకాలం ఏటవాలు పట్టాలపై బొగ్గును దించారు. చివరకు 1805 నాటికి 22 లాకుల వరుస కట్టి సమస్యను తీర్చారు. ఆ తరువాతి దశాబ్దాలలో ఈ కాలువ ఏటా లక్ష టన్నులకు పైగా బొగ్గును మోసింది. మంక్‌టన్ కూమ్ దిగువన డండస్ మేల్కాలువ దగ్గర అది కెనెట్-ఏవన్ కాలువలో కలిసేది.

పందొమ్మిదో శతాబ్ది రెండో సగంలో రైలుమార్గాలు బొగ్గు క్షేత్రాన్ని చుట్టుముట్టాయి. 1882 మార్చి 1న హలట్రో నుంచి కేమర్టన్ వరకు ఒక చిన్న శాఖ వచ్చింది. కాలువ కంపెనీ 1893లో దివాలా తీసింది. 1898లో పడవలు ఆగిపోయాయి. 1904లో కాలువను అధికారికంగా రద్దు చేశారు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే దానిని కొని, ఆ ఏడే పొందిన చట్టాధికారంతో కేమర్టన్ నుంచి లింప్లీ స్టోక్ వరకు మార్గాన్ని పొడిగించే పని చేపట్టింది. చాలాచోట్ల ఈ కొత్త మార్గం ఎండిన కాలువ గర్భంలోనే సాగింది. కాలువ మట్టసంగా, లోయ అంచును అంటిపెట్టుకొని మెలికలు తిరుగుతూ పోతుంది గనుక రైలు కూడా అలాగే మెలికలు తిరిగింది. ప్రేక్షకులు తరువాతి కాలంలో ‘మనోహరమైన వంపులు’గా మెచ్చుకొన్నవి నిజానికి పడవలకోసం తీసిన వంపులు.

బొగ్గు అసలు ప్రయాణికుడు

ఈ మార్గాన్ని గ్రామీణుల సౌకర్యం కోసం వేయలేదు. ఇక్కడ సందిగ్ధానికి తావులేదు. డంకర్టన్‌లో ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తెరచిన పెద్ద గని నుండి బొగ్గు తరలించడమే ప్రధాన లక్ష్యం. పూర్తి మార్గం తెరవకముందే, 1907లో, గని వరకు పట్టాలు వేసి బొగ్గు తరలింపు మొదలుపెట్టారు. ప్రయాణికుల స్టేషన్లు మూడేళ్ళ తరువాత వచ్చాయి. ఆ మధ్యకాలంలోనే, 1909 ఆరంభంలో, డంకర్టన్ గనిలో తీవ్రమైన సమ్మె జరిగి ఘర్షణలకు దారితీసింది. ఈ శాఖ మీద వచ్చిన జనప్రియ రచనలలో ఆ సమ్మెకు దక్కిన చోటు చాలా తక్కువ. ఇంజన్ల నంబర్లకు దక్కిన చోటు మాత్రం ఎక్కువ.

మంక్‌టన్ కూమ్ స్టేషన్ ప్రయాణికులను ఎందుకు నిలుపుకోలేకపోయిందో పటం చూస్తే తెలుస్తుంది. ఈ లోయవాసులకు సంత, ఆసుపత్రి, దుకాణాలు, కచేరీలు అన్నీ బాత్‌లోనే. బాత్ అక్కడికి సుమారు మూడు మైళ్ళు. రైలు మాత్రం నేరుగా బాత్‌కు పోదు. లోయ దిగువకు సాగి లింప్లీ స్టోక్ చేరుతుంది. అక్కడ బండి మారి, బాత్ వైపు వెళ్ళాలి. కొండ ఎక్కి దిగగలిగిన మనిషి ఈలోగా నడిచి వెళ్ళగలడు. 1920లలో మోటారు బస్సులు ఊరి నడిబొడ్డు నుండి నగరం నడిబొడ్డుకు నడవసాగిన తరువాత ఈ రైలుకు మిగిలిన ఆకర్షణ ఏమిటో చెప్పడం కష్టం. 1925లో ప్రయాణికుల సేవ ఆగిపోవడాన్ని గ్రామంపై జరిగిన దాడిగా చిత్రించడానికి ఆధారాలు తోడ్పడవు.

స్టేషన్ మాత్రం మూతపడలేదు. ప్లాట్‌ఫాం పక్కనుంచి బొగ్గు పెట్టెలు పోతూనే ఉన్నాయి. 1932లో హలట్రో-కేమర్టన్ భాగాన్ని మూసివేయడంతో కేమర్టన్ బొగ్గంతా మంక్‌టన్ కూమ్ మీదుగానే ప్రపంచంలోకి వెళ్ళవలసివచ్చింది. అంటే మనుషులు ఎక్కని, దిగని ఆ స్టేషన్ ముందు పావుశతాబ్దం పాటు బొగ్గు రవాణా సాగింది. 1950లో కేమర్టన్ గని మూతపడింది. గని లేని మార్గానికి పని లేదు. 1951 ఫిబ్రవరిలో గూడ్సు బళ్ళు కూడా ఆగాయి. ఏ ఊరూ సభ పెట్టి ప్రతిఘటించిన కథ ఈ ముగింపుకు లేదు. ఉపాధి కోల్పోయినవారు గని మనుషులు. వారి నష్టం రైల్వే చరిత్ర పుస్తకాల పరిధిలోకి రాలేదు.

కెమెరా వచ్చిన వేళ

ఈ శాఖకు చలనచిత్రం కొత్తకాదు. బాత్‌లో పుట్టిన నటుడు, రచయిత ఆర్నాల్డ్ రిడ్లీ, మాంగట్స్‌ఫీల్డ్ జంక్షన్‌లో చిక్కుకుపోయిన ఒక రాత్రి అనుభవం ప్రేరణగా ‘ది ఘోస్ట్ ట్రెయిన్’ నాటకం రాశాడు. అది లండన్‌లో ప్రదర్శితమైనది 1925లో. మంక్‌టన్ కూమ్‌లో ప్రయాణికుల సేవ ముగిసిన ఏడే. వాల్టర్ ఫోర్డ్ దర్శకత్వంలో 1931లో వచ్చిన చలనచిత్ర రూపానికి కేమర్టన్ స్టేషన్‌నే వాడుకున్నారు. అప్పటికే ప్రయాణికులు లేని స్టేషన్ గనుక దయ్యాల బండి కథకు అది బాగా కుదిరింది.

1952 వేసవిలో ఈలింగ్ స్టూడియో బృందం లోయకు వచ్చింది. దర్శకుడు చార్ల్స్ క్రిక్టన్, కథారచయిత టి.ఇ.బి. క్లార్క్, ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్. ఈలింగ్ హాస్యచిత్రాలలో టెక్నికలర్ వర్ణాలలో తీసిన మొదటిది ఇదే. వేల్స్‌లో మూతపడబోయిన టాలిథ్లిన్ రైలుమార్గాన్ని రచయిత ఎల్.టి.సి. రోల్ట్ తదితరులు సంఘంగా ఏర్పడి 1951 నుంచి స్వచ్ఛందంగా నడపడం క్లార్క్‌కు కథాబీజమైంది. అంటే నిజంగా రక్షింపబడిన రైలుమార్గం కథను, నిజంగా రక్షింపబడని మార్గం మీద చిత్రీకరించారు. రాకపోకలు లేని, పట్టాలు ఇంకా తీయని శాఖ దొరకడం నిర్మాతలకు అదృష్టం. మంక్‌టన్ కూమ్ పలకను తీసి ‘టిట్‌ఫీల్డ్’ పలకను బిగించారు.

కథ అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్పడం చాలు. ప్రభుత్వం మూసివేయనున్న శాఖను ఊరి పాదిరీ, జమీందారు కలిసి నిలబెట్టాలనుకుంటారు. ఉదయాన్నే రైలులో మద్యశాల తెరవవచ్చునన్న ఆశతో ఒక ధనికుడు పెట్టుబడి పెడతాడు. బస్సు యజమానులు అడ్డంకులు కల్పించి ఇంజనును పడగొడతారు. గ్రామస్థులు మ్యూజియంలోని పాత ఇంజనును బయటికి తెచ్చి అధికారి పరీక్ష నెగ్గుతారు. ఇక్కడ ఒక చట్టపరమైన చమత్కారం ఉంది. 1896 నాటి లైట్ రైల్వేల చట్టం కింద నడిచే బళ్ళకు గంటకు 25 మైళ్ళ వేగ పరిమితి ఉండేది. బండి ఆలస్యంగా చేరినందుకు గ్రామస్థులు బెంగపడతారు. ఇంకాస్త వేగంగా వచ్చి ఉంటే పరిమితి దాటి అనుమతి పోయేదని అధికారి అంటాడు. ఆలస్యమే అర్హత అయింది. నవ్వు పుట్టించే ఈ ఘట్టంలోనే చిత్రం తాలూకు విలువల వ్యవస్థ అంతా దాగి ఉంది.

చిత్రంలో ‘థండర్‌బోల్ట్’గా నటించిన ‘లయన్’ ఇంజను చరిత్ర స్టేషన్ చరిత్రకు విచిత్రమైన జోడీ. 1838లో లీడ్స్‌లో తయారై లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వేలో పనిచేసిన ఈ ఇంజనును 1859లో లివర్‌పూల్ రేవుకు అమ్మేశారు. అక్కడ దానిని పట్టాలమీద కాక, ఓడల మరమ్మతు రేవులో నీరు తోడే పంపుకు శక్తినిచ్చేందుకు నిలిపారు. 1928 వరకు అది ఆ పనిలోనే ఉంది. 1930లో లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే శతజయంతి వేడుకలకోసం దానిని బాగుచేశారు. నేడు అది లివర్‌పూల్ మ్యూజియంలో ఉంది. దాదాపు డెబ్బై ఏళ్ళు నీరు తోడిన యంత్రం, నీటి కాలువ గర్భంలో వేసిన పట్టాలపై పరుగెత్తడం ఎవరూ ఉద్దేశించని సంగతి.

తెరమీది ‘టిట్‌ఫీల్డ్’ ఒక్క ఊరు కాదన్నది కూడా గుర్తించాలి. ఇంజను వీధుల్లో తిరిగే దృశ్యాలు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌స్టాక్‌లో తీసినవి. చివరి మజిలీ అయిన ‘మాలింగ్‌ఫర్డ్’ నిజానికి బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్. ఆరంభంలో మిడ్‌ఫర్డ్ వంతెనపై సోమర్సెట్-డార్సెట్ మార్గపు బండి దూసుకుపోతుండగా కింద చిన్న బండి మెల్లగా సాగే దృశ్యం మాత్రం ఆ లోయకే సొంతం. ఆ ఒక్క చిత్రణ ప్రధాన మార్గానికీ శాఖా మార్గానికీ ఉన్న తారతమ్యాన్ని వ్యాఖ్యానం అవసరంలేకుండా చెబుతుంది.

తెర దాచినది

ఈలింగ్ హాస్యచిత్రాలను చిన్న సమాజం పెద్ద అధికారాన్ని ఎదిరించే కథలుగా విమర్శకులు సాధారణంగా చదువుతారు. 1948లో బ్రిటిష్ రైల్వేలు జాతీయం కావడం, ఆ తరువాత చిన్న శాఖల మూసివేత మొదలుకావడం ఈ చదువుకు నేపథ్యం. ఆ పఠనం తప్పు కాదు గాని అసంపూర్ణం. ‘టిట్‌ఫీల్డ్’ సమాజంలో పాదిరీ ఉన్నాడు, జమీందారు ఉన్నాడు, ధనికుడున్నాడు, దొంగవేటగాడైన పాత రైల్వే ఉద్యోగి ఉన్నాడు. గనికార్మికుడు లేడు. ఏ పట్టాల మీద ఆ కథ నడిచిందో, ఆ పట్టాలను వేయించినవాడే కథలో లేడు. కేమర్టన్ గని మూతపడి అప్పటికి రెండేళ్ళు. వర్ణచిత్రం పచ్చికను మరింత పచ్చగా చూపింది. నల్లని బొగ్గుకు అందులో చోటు దొరకలేదు.

దీనిని కుట్రగా భావించనవసరం లేదు. హాస్యచిత్రానికి పరిశోధనా వ్యాసం బాధ్యతలు ఉండవు. అయితే ఆ చిత్రాన్నే ఆధారంగా స్వీకరించి స్థలచరిత్ర రాసేవారికి ఉంటాయి. గ్రామీణ స్టేషన్ అంటే పరిశ్రమకు ముందున్న అమాయక లోకం అన్న భావన ఈ చిత్రం తరువాత బలపడింది. మంక్‌టన్ కూమ్ విషయంలో అది తలకిందులు. ఆ లోయలో రైలు పరిశ్రమకు వ్యతిరేకం కాదు, దాని ఉపాంగం. పరిశ్రమ ఉన్నన్నాళ్ళే అది నడిచింది.

చిత్రం విడుదలైన పదేళ్ళకు, 1963 మార్చిలో, డాక్టర్ రిచర్డ్ బీచింగ్ నివేదిక వెలువడింది. 2,363 స్టేషన్లను మూసివేయాలని అది సూచించింది. దేశంలోని స్టేషన్లలో అది సుమారు 55 శాతం. ఆ తరువాత జరిగిన నిరసనలలో ‘టిట్‌ఫీల్డ్’ స్ఫూర్తిని తలచుకొనడం సహజంగానే జరిగింది. కాని బీచింగ్ నివేదిక మంక్‌టన్ కూమ్‌ను మూసివేయలేదు. దానిని మూసివేయడానికి అప్పటికే ఏమీ మిగలలేదు. జనస్మృతిలో మాత్రం ఈ రెండు ఘట్టాలూ కలిసిపోయాయి. ప్రాంతీయ వ్యాసాలలో ఈ స్టేషన్ ‘బీచింగ్ బాధితుల’ జాబితాలో కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. సరిదిద్దడం మాత్రం అవసరం.

పట్టాల తరువాత

చిత్రీకరణ ముగిశాక ఆ మార్గం మీద మళ్ళీ బండి నడిపే ఆలోచన ఎవరికీ రాలేదు. 1958లో పట్టాలు తీసివేశారు. అదే ఏడు మంక్‌టన్ కూమ్ స్టేషన్ భవనాన్ని కూల్చివేశారు. టాలిథ్లిన్ ఆదర్శంతో ససెక్స్‌లోని బ్లూబెల్ రైల్వే 1960లో స్వచ్ఛంద సేవకులతో నడవడం మొదలైంది. రెండేళ్ళ తేడాతో మంక్‌టన్ కూమ్ ఆ కాలానికి అందలేదు. అయినా, అందివుంటే నిలిచేదా అన్నది అనుమానమే. 1966 మార్చిలో మిడ్‌ఫర్డ్ వంతెనపై సోమర్సెట్-డార్సెట్ బళ్ళు ఆగిపోయాయి. ఆ ఏడు అక్టోబరులో లింప్లీ స్టోక్ స్టేషన్ మూతపడింది. తెరమీద చిన్న బండిని చిన్నబుచ్చిన పెద్ద మార్గం కూడా పదిహేనేళ్ళు తిరగకుండానే దాని వెంటే వెళ్ళింది.

స్టేషన్ ఉన్న నేల ఇప్పుడు 1868లో స్థాపితమైన మంక్‌టన్ కూమ్ పాఠశాల ఆటస్థలాల సరసన కలిసిపోయింది. చిత్రాన్ని చూసి వెతుక్కుంటూ వచ్చేవారు ప్లాట్‌ఫాం జాడ అడుగుతారు. కొద్ది దూరంలో, డండస్ దగ్గర, రైల్వే కొని ఎండగట్టిన బొగ్గు కాలువ తొలి భాగాన్ని 1980లలో తవ్వి నీటితో నింపారు. అక్కడ పడవలు కట్టివేసి ఉంటాయి.